తిరుపతిలో రాత్రిపూట డిమెన్షియా పేషెంటును చూసుకునే మనిషి కావాలి

మా అత్తమ్మకు 76 ఏళ్లు, డిమెన్షియా (మతిమరుపు జబ్బు). బైరాగిపట్టెడలో ఉంటాం. పగలు ఫర్వాలేదు. సాయంత్రం ఐదు దాటితే కంగారు మొదలవుతుంది, "మా ఇంటికి పోతా" అంటారు. రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా లేచి తలుపు గడియ తీస్తుంటారు. చూసుకునేది నేనొక్కదాన్నే, నిద్ర లేక నాకూ బీపీ వచ్చింది.

పగటి నిద్ర తగ్గించాం, హాల్లో లైటు వేసి ఉంచాం, డాక్టర్ మందు మార్చారు. తేడా లేదు. ఒక ఏజెన్సీ పంపిన అమ్మాయి నిద్రపోతే అత్తమ్మ గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లిపోయారు, ఆ భయం ఇంకా పోలేదు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 రాత్రి 8 వరకే, మా కష్టమంతా ఆ తర్వాతే. ఆశ్రమంలో మాత్రం చేర్చం.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇంట్లో ఉండి చూసుకునే, డిమెన్షియా గురించి తెలిసిన ఆడమనిషి తిరుపతిలో ఎవరి ద్వారా దొరుకుతారు?