గాజు కప్పు కింద అడవి: హైదరాబాద్‌కు కావాలా?

చర్చాంశం: అమెరికాలో అరిజోనా ఎడారిలో ఉన్న బయోస్ఫియర్-2 తరహాలో, గాలి చొరబడని పరిశోధనా కట్టడాన్ని మన నగరంలో ప్రజాధనంతో నిర్మించడం సమంజసమేనా?

హబ్సిగూడ పాఠకుడు:
సమంజసం కాదు. బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా లోపలే బతికి చూడాలని 1991 సెప్టెంబరులో ఎనిమిది మంది ప్రవేశించిన, అడవినీ సముద్రాన్నీ కృత్రిమంగా అమర్చిన ఆ 3.14 ఎకరాల కట్టడంలో, ఏడాదిన్నర తిరగకముందే ప్రాణవాయువు దాదాపు 21 శాతం నుంచి 14 శాతం చేరువకు పడిపోగా, బయటి నుంచి పంపవలసి వచ్చింది. పరాగసంపర్కం చేసే కీటకాలు నశించి, చీమలు పెచ్చుమీరాయి.

తార్నాక అధ్యాపకురాలు:
ఆ వైఫల్యమే విలువైన ఫలితమని నా వాదన. సేంద్రియ పదార్థం దండిగా కలిపిన మట్టిలోని సూక్ష్మజీవులు ప్రాణవాయువును వాడుకున్నాయన్నది నిజమే కానీ, అవి విడిచిన బొగ్గుపులుసు వాయువు అంత మోతాదులో గాలిలో కనిపించకపోవడంతో లెక్క కుదరలేదు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన సెవరింగ్‌హాస్, బ్రోకర్ ప్రభృతులు ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందిన, బరువులో తేడా ఉన్న పరమాణువుల) ఆధారంగా వెదికితే, ఆ వాయువు కాంక్రీటు గోడల్లోని కాల్షియం హైడ్రాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా మారినట్లు తేలింది. తలుపులు తెరిచి ఉంటే ఈ లోటు ఎవరి కంటా పడేది కాదు. తరువాతి కాలంలో అక్కడి కృత్రిమ సముద్రంలోనే, నీటిలో బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ పగడాల ఎదుగుదల మందగిస్తుందని కూడా నిరూపించారు.

సంతోష్‌నగర్ వాసి:
మా పేటలోనే ఉన్న క్రీడా సంస్థ (ఆటలకు సంబంధించినది కాదు, మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ) పైకప్పు లేని గదుల్లో బొగ్గుపులుసు వాయువును పెంచి, పంటల తీరును చాలాకాలంగా పరిశీలిస్తోంది. మే నెల ఎండలో గాజు కట్టడాన్ని చల్లబరచడానికయ్యే కరెంటు ఖర్చును తార్నాక వారు లెక్కించారా?

తార్నాక అధ్యాపకురాలు:
ఖర్చు విషయంలో మీ సందేహం న్యాయమైనదే, అందుకే ఎకరాల కొద్దీ అడవినీ, లోపల మనుషులనూ నేను కోరడం లేదు. మనుషులుంటే వారి ఆకలి, ఆరోగ్యమే ప్రయోగాన్ని నడిపిస్తాయి. పైకప్పు లేని గదిలో మొక్క ఎంత పెరిగిందో తెలుస్తుంది కానీ, గాలి బయటికి పోతుంది కనుక కార్బన్ చివరికి ఎక్కడ చేరిందో పైసలతో సహా లెక్క తేల్చలేము. మన ఎర్ర చల్కా నేలతో, ఒకే పంటతో, గోడలకు లోపలివైపు వాయువు పీల్చని పూత వేసిన చిన్న మూసిన గది ఒకటి చాలు.

హబ్సిగూడ పాఠకుడు:
మనుషులు లేని చిన్న గదికైతే నాకు అభ్యంతరం లేదు, అయితే దాన్ని పర్యాటకులకు చూపించే కట్టడంగా మార్చబోమని ముందే రాసివ్వాలి.