మాస్టర్ ఆఫ్ పపెట్స్ రిథమ్: 212 వేగంలో అన్నీ డౌన్‌స్ట్రోకులే ఎలా?

ప్రశ్న (కుడిచెయ్యి)

స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్ నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో ఎడ్డీ పాత్ర ట్రెయిలర్ కప్పు మీద గిటార్‌తో వాయించిన ఈ మెటాలికా పాట నేర్చుకుంటున్నాను. స్వరాలు వచ్చేశాయి, వేగమే రావట్లేదు. నిమిషానికి 150 బీట్ల దగ్గరే ముంజేయి బిగుసుకుపోతోంది. అప్, డౌన్ కలిపి కొడితే వేగం అందుతుంది గానీ ఆ పాటలా వినపడదు. వెర్స్‌లో (చరణంలో) ప్రతిసారీ డ్రమ్స్‌తో తేడా వస్తోంది. ఆంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరగరలాడించే నాబ్) మొత్తం పెంచినా టోన్ పల్చగానే ఉంది. ఏం సరిచేసుకోవాలి?

ఆరోతీగ

అప్‌స్ట్రోకు కలిపితే పాట మారిపోతుందన్నది నిజమేనండీ. కిందికి కొట్టే ప్రతి దెబ్బకీ చెయ్యి బరువు తీగ మీద పడుతుంది, అన్నీ ఒకే గట్టిదనంతో వస్తాయి. మెటాలికా గిటారిస్టు హెట్‌ఫీల్డ్ రిథమ్‌కి ప్రాణం అదే.

నిమిషానికి 212 బీట్లు, బీటుకి రెండు దెబ్బలు, అంటే సెకనుకి ఏడు. అంత వేగం మోచేతి నుంచి తేవాలని చూస్తే కండ పట్టేస్తుంది. కదలిక మణికట్టులోనే ఉండాలి. తీగ దాటాక పిక్ (మీటే బిళ్ళ) రెండు మూడు మిల్లీమీటర్లలో ఆగాలి. పక్క తీగను తాకుతోందంటే అనవసరంగా దూరం పోతున్నట్టే. పిక్ 1 మి.మీ. మందమైనా ఉండాలి. మెత్తటిది వంగి తిరిగొచ్చేలోపు తర్వాతి దెబ్బ టైమైపోతుంది.

మెట్రోనోమ్ (తాళం వేసే యంత్రం) 120 పెట్టి, లావు ఇ తీగ ఒక్కటే, ఎనిమిది బార్లు (బారంటే నాలుగు బీట్లు) ఆపకుండా కొట్టండి. హాయిగా వస్తే నాలుగు పెంచండి. మంట మొదలైతే ఆపి, చెయ్యి విదిలించుకుని, పది తగ్గించి మళ్ళీ. నొప్పి ఓర్చుకుని వాయిస్తే వేగం రాదు, బిగబట్టి వాయించే అలవాటు మాత్రం వస్తుంది. 170 దాటాక నేరుగా 212 పెట్టేయండి: ఒక బారు కొట్టి ఒక బారు ఖాళీ. తర్వాత రెండు కొట్టి ఒకటి ఖాళీ. రోజుకి పావుగంట చాలు, కానీ ఇది నెలల పని.

ఖండగతి

డ్రమ్స్‌తో తేడాకి మీ వేగం కారణం కాదు. వెర్స్‌లో ప్రతి నాలుగో బారు పొట్టిది. మూడు బార్లు 4/4, నాలుగోది 5/8, అంటే రెండున్నర బీట్లే, ఒకటిన్నర బీటు తక్కువ. దాన్నీ నిండుగా నాలుగు లెక్కపెడితే వెనకబడిపోతారు. గిటార్ పక్కన పెట్టి నోటితో పలకండి: ‘తకధిమి తకధిమి’ మూడుసార్లు, వెంటనే ‘తకతకిట’, మళ్ళీ మొదటికి. ఇది నోటికి ఎక్కితే చేతికి వచ్చేస్తుంది.

సాధన సీరియల్ క్లిప్‌తో వద్దు. సన్నివేశానికి తగ్గట్టు పాటను కత్తిరించారు, పైగా ఇప్పటి బాసిస్టు రాబర్ట్ ట్రుహియో కొడుకు టై వాయించిన అదనపు గిటార్ కూడా అందులో కలిసింది. 1986 మార్చి 3న వచ్చిన ఆల్బమ్‌లోని 8:35 పాటే ప్రమాణం. (కథ జరిగేదీ 1986 మార్చిలోనే. అప్పటికి ఎడ్డీ చేతిలో అది సరికొత్త పాట, ఆ సీన్ అంత చక్కగా అతకడానికి అదో కారణం.) ఈ మధ్య కచేరీల వీడియోలతో కలిపి వాయిస్తే శ్రుతి కలవదు, అక్కడ తీగలు అర స్వరం దించుకుంటారు. ప్లేయర్‌లో 0.75 వేగం పెడితే 159 అవుతుంది, 150 హాయిగా వచ్చాక మీకు సరిపోయే మెట్టు.

కుడిచెయ్యి

తకతకిటతో వెర్స్ కుదిరిందండీ. మరి టోన్ సంగతి?

మార్క్‌టూ

గెయిన్ తగ్గించండి. ఆల్బమ్‌లో వినపడేది ఒక్క గిటార్ కాదు, హెట్‌ఫీల్డ్ అదే రిథమ్‌ని మళ్ళీ మళ్ళీ వాయించి పొరలుగా పేర్చాడు. ఆ నిండుదనం కోసం ఒక్క గిటార్‌కి గెయిన్ పెంచితే దెబ్బలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి ముద్దయిపోతాయి. ఆంప్ నాబ్‌లు గెయిన్ 6, బాస్ (కింది ధ్వని) 5, మిడ్ (మధ్య ధ్వని) 4, ట్రెబుల్ (పై ధ్వని) 6తో మొదలుపెట్టండి. మిడ్ సున్నా చేస్తే గదిలో ఒంటరిగా బాగుంటుంది, డ్రమ్స్, బాస్ కలవగానే గిటార్ మునిగిపోతుంది.

రికార్డు చేస్తుంటే రెండుసార్లు విడిగా వాయించి ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి కుడికి పెట్టండి. ఒకే టేక్‌ని కాపీ చేసి రెండువైపులా పెడితే శబ్దం పెరుగుతుందే తప్ప వెడల్పు రాదు.

తీగ మోతను అణచడానికి (పామ్ మ్యూట్) కుడి అరచేతి అంచు సరిగ్గా బ్రిడ్జ్ మీద, తీగ మొదలయ్యే చోట ఆనాలి. ముందుకి జరిగితే నాదం చచ్చిపోతుంది, గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది. తీగలు 10–46 సెట్ (మందం, అంగుళంలో వెయ్యోవంతుల్లో) వేసుకోండి. 9 సెట్‌లో లావు తీగ ఇంత గట్టి దెబ్బలకి ఊగిపోయి ఫ్రెట్లకి కొట్టుకుంటుంది.