డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు వేసి ఆడే టేబుల్ గేమ్): కొత్తవాళ్లతో క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) నింపించేసరికే నీరసం వస్తోంది. ఏం చేయాలి?

ప్రశ్న – పటమట, విజయవాడ
డీఎమ్‌ని, అంటే ఆట నడిపేది, నేనే. ఆడేవాళ్లు నలుగురూ కొత్త. ఐదో లెవెల్, పాయింట్ బై (పాయింట్లు ఖర్చుపెట్టి స్కోర్లు కొనుక్కోవడం), ఏ పుస్తకంలోంచైనా తీసుకోవచ్చు అని చెప్పాను. ఒక్కరి షీటూ పూర్తి కాలేదు, ఇద్దరు మేం రాంలే అంటున్నారు. ఇంకేదైనా తేలిక గేమ్‌కి మారిపోవాలా?

జవాబు – బ్రాడీపేట, గుంటూరు
గేమ్ మార్చక్కర్లేదండీ, మీరు పెట్టిన షరతులు మార్చండి చాలు. ఐదో లెవెల్ ఫైటర్ అంటే సబ్‌క్లాస్, ఫీట్, యాక్షన్ సర్జ్, ఎక్స్‌ట్రా అటాక్ లాంటి ప్రత్యేక శక్తులన్నీ మొదటి రోజే నెత్తిన పడతాయి. ఒకటో లెవెల్‌తో మొదలెట్టండి. 300 ఎక్స్‌పీకే (అనుభవ పాయింట్లు) రెండో లెవెల్ వచ్చేస్తుంది.

స్ట్రెంత్, డెక్స్‌టెరిటీ లాంటి ఆరు స్కోర్లకి 15, 14, 13, 12, 10, 8 ఇచ్చేయండి. పాయింట్ బైలో లెక్కేసినా వీటి ఖరీదు సరిగ్గా 27 పాయింట్లే, కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

ముందు క్లాస్ (ఫైటర్, విజార్డ్ లాంటి పాత్ర రకం) తేల్చాలి, స్కోర్లు ఆ తర్వాతే. కథ, పేరు చివర్లో. 2014 ఎడిషన్ రూల్స్‌లో హ్యూమన్ ఫైటర్‌ని చూడండి. హ్యూమన్‌కి అన్నిట్లో 1 కలుస్తుంది. స్ట్రెంత్‌కి 15 పెడితే 16, మోడిఫయర్ (పాచికకి కలిపే అంకె) +3. కాన్‌స్టిట్యూషన్‌కి 13 పెడితే 14, అంటే +2. హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలడో) ఫైటర్‌కి 10+2=12. చెయిన్ మెయిల్ కవచం 16, షీల్డ్ 2, మొత్తం ఏసీ (రక్షణ అంకె) 18. లాంగ్‌స్వార్డ్ అటాక్‌కి మోడిఫయర్ 3, ప్రొఫిషియెన్సీ (ఆయుధంలో నేర్పు) 2 కలిసి +5. డ్యామేజ్ ఒక డీ8 (ఎనిమిది ముఖాల పాచిక) +3. ఆట మొదలెట్టడానికి ఈ అంకెలు చాలు.

తప్పులు జరిగేది ఇక్కడే. డీ20 వేసి మోడిఫయర్ 3 బదులు స్కోరు 16 కలిపేస్తారు. చెయిన్ మెయిల్‌కి డెక్స్‌టెరిటీ కలపకూడదు, కలిపేస్తారు. షీల్డ్ పట్టుకునే లాంగ్‌స్వార్డ్‌కి డీ10 వేస్తారు. అది రెండు చేతులతో పట్టినప్పుడే.

మళ్లీ పటమట
థాంక్సండీ. ఒకడు మాత్రం ఐదో లెవెల్లో ఫైటర్ 3, విజార్డ్ 2 చేస్తానని పట్టుబట్టాడు. వాడి దగ్గర 2024 ఎడిషన్ పుస్తకం కూడా ఉంది.

జవాబు – లక్ష్మీపురం, గుంటూరు
వద్దనకండి, లెక్క చూపించండి. ఎక్స్‌ట్రా అటాక్ ఫైటర్ 5కి వస్తుంది. ఫైర్‌బాల్ లాంటి మూడో స్థాయి స్పెల్స్ (మంత్రాలు) విజార్డ్ 5కి వస్తాయి. అతనికి రెండూ ఉండవు, పక్కన కూర్చున్న మామూలు ఫైటర్ ప్రతి టర్న్‌లో రెండు దెబ్బలు కొడుతుంటాడు. పైగా ఇలా రెండు క్లాసులు కలిపే మల్టీక్లాస్‌కి ఇంటెలిజెన్స్ 13 ఉండాలి, స్ట్రెంత్ గానీ డెక్స్‌టెరిటీ గానీ 13 ఉండాలి. ఇంత విన్నాకా కావాలంటే చేసుకోనివ్వండి. షీట్ కట్టడమే సరదా అనుకునేవాళ్లుంటారు, నా లెక్కలో అదీ ఆటే. కాకపోతే ఆ పని ఇంటి దగ్గర చేసుకుని రమ్మనండి, మిగతా ముగ్గురి టైమ్ తినకూడదు.

రెండు ఎడిషన్లూ కలపకండి. స్కోరు పెంపు 2014లో రేస్ (హ్యూమన్ లాంటి జాతి) నుంచి వస్తుంది, 2024లో బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పూర్వజీవితం) నుంచి. పాత రేస్, కొత్త బ్యాక్‌గ్రౌండ్ తీసుకుంటే తెలియకుండానే రెండుసార్లు కలిపేస్తారు. మీ టేబుల్‌కి ఏదో ఒకటే అని ముందే గ్రూప్‌లో పెట్టేయండి.

బ్రాడీపేట
విజార్డ్ ఎవరైనా తీసుకుంటే స్పెల్స్ మీరే ఎంచి ఇవ్వండి. 2014లో ఒకటో లెవెల్‌కి మూడు క్యాంట్రిప్‌లు (ఎన్నిసార్లైనా వేసుకునే చిన్న మంత్రాలు), పుస్తకంలో ఆరు స్పెల్స్, రెండే స్లాట్లు (ఒక్కో స్పెల్ వేస్తే ఒకటి ఖర్చవుతుంది). ఇంటెలిజెన్స్ 16 అయితే ఆ ఆరింట్లో నాలుగు ప్రిపేర్ చేసుకోవచ్చు. ఫైర్ బోల్ట్, మ్యాజిక్ మిస్సైల్, షీల్డ్, స్లీప్, మేజ్ ఆర్మర్ ఉంటే మొదటి ఆట గడిచిపోతుంది. మేజ్ ఆర్మర్ వేస్తే ఏసీ 13కి డెక్స్‌టెరిటీ కలుస్తుంది, కానీ ఒక స్లాట్ పోతుందని ముందే చెప్పండి.

పటమట
సరేనండీ. పుస్తకం లేనివాళ్ల సంగతి?

లక్ష్మీపురం
2014 బేసిక్ రూల్స్ ఉచితం. అందులో క్లెరిక్, ఫైటర్, రోగ్, విజార్డ్ క్లాసులు ఉన్నాయి, మీ నలుగురికీ సరిపోతాయి. షీట్‌లో మొదటి పేజీ ఒక్కటే జిరాక్స్ తీయించండి, హిట్ పాయింట్లు మాత్రం పెన్సిల్‌తో రాయించండి.