ఎండాకాలం మడికి రంగుల పూలు: పెటూనియానా, బిళ్ళగన్నేరా?

గడపముందు_మడి
ఇంటి ముందు పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు మడి ఒకటి ఖాళీగా ఉంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నేరుగా ఎండ పడుతుంది. ఎండాకాలమంతా రంగులు కనబడాలి. నాకేమో పెటూనియా మీద మనసు. మా అక్క బిళ్ళగన్నేరు చాలంటోంది. ఎవరి మాట వినమంటారు?

తూనీగ
అక్క మాట.

ఆకుపసరు
పెటూనియా ఎండకి పూస్తుంది గానీ వేడికి పూయదు. ఈ రెండూ ఒకటి కావు. రాత్రి కూడా చల్లబడని రోజులొచ్చాయంటే తీగలు సాగిపోతాయి, మధ్యలో బోసిగా అవుతుంది, కొసన మాత్రం రెండు పూలు మిగులుతాయి. పైగా వాడిన పువ్వుని రోజూ గిల్లాలి. రేకులు పీకేస్తే సరిపోదు, కింద ఉన్న పచ్చటి బుడిపెతో సహా తీయాలి. అది ఉంటే మొక్క విత్తనం పనిలో పడి పూయడం తగ్గిస్తుంది. బిళ్ళగన్నేరుకి ఆ బాధ లేదు, వాడిన పూలు వాటంతటవే రాలిపోతాయి. నీళ్లు ఎక్కువైతే మాత్రం వేరు కుళ్లి, నిలబడ్డ మొక్క నిలబడ్డట్టే వాలిపోతుంది.
పసుపు రంగు బిళ్ళగన్నేరులో నేను చూడలేదు. దానికి జీనియా చల్లుకోండి. వారంలోపే మొలుస్తుంది, రెండు నెలలకి పూలు. ఆకుల మీద నీళ్లు పడకుండా మొదట్లోనే పోయండి, లేకపోతే బూడిద తెగులు.

రంగులపిచ్చి
ఇంత పురాణం ఎందుకండీ? కాగితం పూలు పెట్టండి. నీళ్లు తగ్గిస్తే ఇంకా విరగబూసే మొక్క అది. గోడంతా రాణీ రంగు.

ఆకుపసరు
మూడడుగుల మడిలో, అదీ నడిచే దారి పక్కన, ముళ్ల చెట్టా? అదలా ఉంచండి, మీరు రాణీ రంగు అంటున్నవి పూలు కావు. పుచ్ఛాలు. అంటే రంగు మారిన ఆకులు. వాటి మధ్యలో సన్నటి గొట్టాల్లా తెల్లగా ఉంటాయి చూడండి, మూడేసి, అవీ పూలంటే.

రంగులపిచ్చి
దారిన పోయేవాళ్లు ఆగి చూసేది ఆ తెల్ల గొట్టాలనా? రంగు ఉంది, చూడ్డానికి బాగుంది. అది ఆకైతే మాత్రం నాకేంటి?

ఆకుపసరు
అడిగింది పూల గురించి కాబట్టి చెప్పాను. 1766లో ఓడెక్కి ప్రపంచం చుట్టిరావడానికి బయల్దేరిన ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ పేరు పెట్టారు దానికి. అంత పేరున్న మొక్క పువ్వేదో తెలుసుకోవడంలో తప్పు లేదు.

రంగులపిచ్చి
ఇక్కడ ఓడ ప్రయాణం ఎవరడిగారండీ?

గడపముందు_మడి
అండీ, నా మడి సంగతి...

పెరటి_పిల్లి
బిళ్ళగన్నేరు ఆకూ పువ్వూ అన్నీ విషమే. విన్‌క్రిస్టీన్ అనే కేన్సర్ మందు దాన్నుంచే వచ్చింది. పసిపిల్లలు, నమిలే అలవాటున్న కుక్కలు ఉంటే చూసుకోండి.

మట్టిచేతులు
పెటూనియా గురించి నేను చెప్తాను. పోయిన ఎండాకాలం ఒక నర్సరీలో నిండుగా పూసి ఉన్నవి పన్నెండు తెచ్చాం. మూడు వారాలకి పన్నెండూ పోయాయి. పీకి చూస్తే వేళ్లు మట్టిలోకి పోనే లేదు. కవర్లో ఎలా గుండ్రంగా చుట్టుకున్నాయో అలాగే, పీచు ఉండలా ఉన్నాయి. వెళ్లి అడిగితే మీరు నీళ్లు సరిగ్గా పోసి ఉండరన్నాడు. పూసిన మొక్క కొనడమంటే వాడబోయేదాన్ని కొనడమే. విత్తనం వేసుకోండి, లేదా మొగ్గ కూడా లేని నారు తెచ్చుకోండి.

ఆకుపసరు
అది పెటూనియా తప్పు కాదండీ. నాటే ముందు ఆ వేళ్లని వేలితో విడదీయాలి. అలా చుట్టుకున్న ఉండలోకి పోసిన నీళ్లు పోవు, పక్కనుంచి జారిపోతాయి. పైన తడిగానే కనబడుతుంది గానీ లోపల ఎండిపోయి ఉంటుంది.

మట్టిచేతులు
అంటే నేను నీళ్లు పోయలేదని మీరూ అంటున్నారు.

ఆకుపసరు
నేను అలా అనలేదు.

రంగులపిచ్చి
అన్నట్టే ఉందండీ. అయినా రోజూ చూసుకునే ఓపిక లేకపోతే మొక్కలెందుకు? తోటంటే శ్రమే. శ్రమ వద్దనుకుంటే రాళ్లు పరుచుకోవాలి.

మట్టిచేతులు
శ్రమ సంగతి నాకు చెప్పకండి. ఊదా, గులాబీ, తెల్ల చారలవి, వరసగా ఇలా ఉండాలని ఎంచింది మా ఆయన. ఫొటోలు తీసి అందరికీ పంపింది ఆయన. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బకెట్లు మోసింది నేను. వాడినవి గిల్లింది నేను. పెటూనియా ఆకు ఎంత జిగురో ఎవరైనా రాశారా ఇక్కడ? గిల్లి లోపలికి వస్తే తలుపు గడియ కూడా వేలికి అంటుకునేది. చివరికి మొక్కలు పోతే "నీకు అప్పజెప్తే ఇంతే" అన్నారు. పొద్దుట్నుంచీ చూస్తున్నా, ఏ పువ్వు, ఏ రంగు, అది పువ్వా ఆకా అని కొట్టుకుంటున్నారు. ఆ మడికి నీళ్లెవరు పోస్తారని ఒక్కరైనా అడిగారా?

తూనీగ
...

గడపముందు_మడి
అక్కే. నేను ఏడింటికి బయల్దేరితే ఇంటికొచ్చేసరికి రాత్రవుతుంది.

మట్టిచేతులు
తెలుస్తూనే ఉంది.

రంగులపిచ్చి
నేనన్నది మీ గురించి కాదండీ, తప్పుగా అనుకోకండి. నా మొక్కలకి నీళ్లు నేనే పోసుకుంటాను, ఇంట్లో ఇంకెవరూ లేరు కూడా. గేటు దగ్గర ఆ రంగు కనబడకపోతే లోపలికి పోబుద్ధి కాదు. అందుకే పువ్వు కాదంటే కోపమొచ్చింది.

ఆకుపసరు
సరే. మడి గలాయన నీళ్ల లెక్క, చూసే వేళ ముందే చెప్పి ఉంటే నేనూ వేరేగా రాసేవాణ్ని. రాత్రికి గానీ రారంటే, టేబుల్ రోజ్ మీకు జన్మలో కనబడదు. ఎండలోనే విప్పుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. నీళ్లు మాత్రం చాలా తక్కువ చాలు, దాని ఆకులే చిన్న చిన్న నీటి తిత్తులు. పగలు ఇంట్లో ఉండే అక్కగారికి అది సరైనది. మీకోసం చంద్రకాంత పెట్టుకోండి. పొద్దువాలే వేళ విచ్చుకుని తెల్లారేదాకా ఉంటుంది, వాసన కూడా. ఒక్కోసారి ఒకే చెట్టుకి పసుపూ గులాబీ రెండూ పూస్తాయి. గింజలు, దుంప తినకూడదు, అంతే. దుంప ఊరుతుంది కాబట్టి ఒక వాన ఆలస్యమైనా తట్టుకుంటుంది.

మట్టిచేతులు
ఈ మాట మొదటి పోస్టులో రాసుంటే బాగుండేది.

గడపముందు_మడి
ఇదంతా అక్కకి చదివి వినిపించాను. మట్టిచేతులు గారి పోస్టు రెండుసార్లు చదివించుకుంది. ముందు వరస టేబుల్ రోజ్, వెనక బిళ్ళగన్నేరు, చివర్లో మూడు చంద్రకాంతలు. పెటూనియా ఒక్క కుండీ పెట్టుకోవచ్చట, గడప పక్కన. దానికి ఏడింటికి వెళ్లేముందు నీళ్లు నేనే పోయాలి, గిల్లడమూ నేనే.

ఆకుపసరు
కుండీ నల్ల ప్లాస్టిక్‌ది వద్దు, ఎండకి వేళ్లు ఉడుకుతాయి. మట్టిది తీసుకోండి.

తూనీగ
నేను చెప్పింది అదేగా.

రంగులపిచ్చి
మొత్తానికి నా పుచ్ఛాలకి చోటు దొరకలేదన్నమాట.

ఆకుపసరు
పుచ్ఛాలని మీరే అన్నారు. అది చాలు నాకు.