దీపావళి రాత్రి కుక్కకు నిద్రమాత్ర వేయవచ్చా?

ప్రశ్న (విజయవాడ నుంచి):
మేము ఫ్లాటులో ఒక నాటుకుక్కను పెంచుకుంటున్నాము. దీపావళి నాడు లక్ష్మీబాంబుల మోత మొదలయ్యేసరికి అది వణుకుతూ, చొంగ కారుస్తూ స్నానాలగదిలో మూలకు చేరుతుంది, మరునాటి మధ్యాహ్నం వరకు అన్నం ముట్టదు. ఈసారి ముందుగానే నిద్రమాత్ర వేసి పడుకోబెట్టమని పొరుగువారు చెబుతున్నారు. భయపడుతున్నప్పుడు ఒళ్లోకి తీసుకుంటే ఆ భయమే అలవాటైపోతుందని మా మరిది అంటున్నాడు. పండుగకు ఇంకా నెలకు పైగా వ్యవధి ఉన్నది కనుక, ఇప్పటినుంచి ఏమి చేయాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (పశువైద్యుడు, గుంటూరు):
అమ్మా, ముందుగా మాత్ర సంగతి చెబుతాను, ఎందుకంటే ఎక్కువ హాని అక్కడే జరుగుతుంది. ఎసిప్రొమజైన్ వంటి మత్తుమందు ఒంటిని కదలనివ్వదు గాని భయాన్ని తీసివేయదు. చెవులు వింటూనే ఉంటాయి, పారిపోవాలన్న తపన అలాగే ఉంటుంది, కాళ్లు మాత్రం సహకరించవు. పైకి ప్రశాంతంగా కనిపించే ఆ కుక్క లోపల ఎంత నరకం అనుభవిస్తున్నదో మనకు తెలియదు. ఆందోళననే తగ్గించే ట్రాజొడోన్, గాబాపెంటిన్ వంటి మందులు వేరే ఉన్నాయి. వాటి మోతాదును బరువును, గుండె, కాలేయం, మూత్రపిండాల పరిస్థితిని చూసి వైద్యుడే నిర్ణయించాలి. పండుగకు ముందు ఒక మామూలు రోజున ఒకసారి వేసి, ఎలా పనిచేస్తున్నదో గమనించాలి. పండుగనాడు కూడా మోత మొదలయ్యాక కాక, వైద్యుడు చెప్పినంత ముందుగా వేయాలి. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు ఎట్టి పరిస్థితిలోను వేయవద్దు; పారాసిటమాల్ బిళ్ల ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి.

ఒళ్లోకి తీసుకుంటే భయం పెరుగుతుందన్న మాట సరికాదు. అది తానుగా వచ్చి ఆనుకుంటే నిమరండి, దాక్కుంటే బయటికి లాగకండి. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు; ఎంత ఎక్కువైతే శబ్దం అంత కీచుగా ఉంటుంది) వరకు వింటే, కుక్క చెవి 45,000 వరకు వింటుంది. రాకెట్టు కూతలో మనకు అందని భాగం కూడా దానికి అందుతుంది. మీ కుక్క స్నానాలగదిని ఎంచుకున్నదంటే, ఇంట్లో వీధి చప్పుడు తక్కువగా వినిపించే చోటును అది కనిపెట్టినట్టే. అక్కడే పాత దుప్పటి పరచి, నీళ్లు పెట్టి, ఫ్యాను గాని రేడియో గాని ఆపకుండా నడపండి.

మిగిలిన వ్యవధిలో టపాకాయల శబ్దాన్ని ఫోనులో చాలా చిన్నగా వినిపిస్తూ, ఉడికించిన కోడిమాంసం ముక్కలు పెట్టండి. ఊరికే ఆవులించినా, మూతి నాక్కున్నా అది బెదురుతున్నదని అర్థం. అప్పుడు శబ్దం తగ్గించాలే గాని, అలవాటు పడుతుందిలే అని పెంచకూడదు.

సమాధానం (హైదరాబాదు, రెండు పిల్లులు, ఒక కుక్క):
డాక్టరుగారి మాటలకు కొంత చేర్చాలి. 2018లో సుప్రీంకోర్టు దీపావళి టపాకాయలకు రెండు గంటల గడువే విధించినా, చీకటి పడకముందే మోత మొదలవుతుంది; అందుచేత షికారు ఎండ ఉండగానే ముగించి, మెడపట్టీ మీద ఫోను నంబరు రాసి ఉంచండి. చుట్టాలు వచ్చిపోయే వేళ వీధితలుపు తెరచి ఉంటే చాలు, బెదిరిన కుక్క మెట్లు దిగి పోతుంది. రవ్వలడ్డులోని ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, చాక్లెట్టు కూడా విషమే, కనుక పిల్లలకు ముందే గట్టిగా చెప్పండి. కోస్తా ఊళ్లలో మిగిలిన టపాకాయలను నాగుల చవితికి దాచుకుంటారు కాబట్టి ఆ నాటికి కూడా ఈ ఏర్పాట్లన్నీ ఉండాలి.

సమాధానం (పశ్చిమ గోదావరి, పాడి రైతు):
గేదెల విషయం ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. బెదిరిన గేదె పాలు చేపదు; భయంలో ఊరే అడ్రినలిన్ పాలను దింపే ఆక్సిటోసిన్‌ను అడ్డుకుంటుంది. అందువల్ల ఆ సాయంత్రం పాలు పితకడం పెందలాడే ముగించి, పలుపును బిగుసుకుపోయే ముడితో కాక గుంజితే మెడకు పట్టుకోని ముడితో కట్టాలి. రాకెట్లు గడ్డివాము మీద పడే ప్రమాదం ఉన్నది కాబట్టి దగ్గరలో నీళ్ల డ్రమ్ములు నింపి పెట్టుకోవాలి. మరొక మాట: వీధికుక్కల తోకలకు టపాకాయలు కట్టే పిల్లలను చూసి పెద్దలు నవ్వి ఊరుకోవడం నాకు సహించరాని విషయం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువులను ఇలా హింసించడం నేరం. ఆ రాత్రి మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో మాట్లాడి, సెల్లారులో ఒక మూల వీధికుక్కలకు వదిలిపెట్టించండి.