780 నానోమీటర్ల కాంతిని పీల్చుకునే రుబీడియాన్ని 1064 నానోమీటర్ల లేజర్‌తో పట్టి ఉంచడం ఎందుకు?

చిత్తూరు_ఎమ్మెస్సీ:
తిరుపతిలో ప్రాజెక్టు చేస్తున్నాను. రుబీడియం పరమాణువులు పీల్చుకునేది 780 నానోమీటర్ల కాంతిని, వాటిని చల్లబరిచేదీ దాంతోనే. తర్వాత పట్టి ఉంచడానికి మాత్రం ఎక్కడో ఉన్న 1064 వాడుతున్నారు. దగ్గరి రంగయితే పట్టు గట్టిగా ఉంటుంది కదా? వారం నుంచి ఇక్కడే ఆగిపోయాను.

అలిపిరి_లేజర్:
పట్టు సంగతి నిజమే తమ్ముడూ. కాంతి తీవ్రత మార్చకుండా రెసొనెన్స్ (పరమాణువు పీల్చుకునే రంగు) నుంచి రెట్టింపు దూరం జరిగితే ట్రాప్ (కాంతితో పట్టి ఉంచే గుంట) లోతు సగమవుతుంది. కానీ పరమాణువు ఫోటాన్లను మింగి కక్కడం నాలుగో వంతుకు పడిపోతుంది. ప్రతి ఫోటానూ ఒక తన్ను, ప్రతి తన్నుకూ కాస్త వేడి. అంత కష్టపడి మైక్రోకెల్విన్లకు (డిగ్రీలో పది లక్షల వంతుల్లోకి) దించి మళ్లీ మనమే వేడి చేసుకుంటామా? మేం మొదట 782 దగ్గర ట్రాప్ వేశాం. ఒక్క సెకను ఆగి చూస్తే పరమాణువుల మేఘం ఉబ్బిపోయింది. అందుకే దూరం జరిగి, తగ్గిన లోతును పవర్‌తో పూడ్చుకుంటాం. 1064లో వాట్లకొద్దీ ఇచ్చే లేజర్లు సులువుగా దొరుకుతాయి.

గాదంకి_పక్కూరు:
రాత్రిళ్లు గాదంకి లైడార్ (గాలిని పరిశీలించే లేజర్) ఆకుపచ్చ గీత ఆకాశంలోకి పోవడం చూశావా? అది 532. 1064 ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేస్తే వచ్చేదే. రుబీడియం 1064 వెలుగులోకి వచ్చి చేరుతుంది, 532 వెలుగు నుంచి పక్కకు పోతుంది. తాడుకు చెంబు కట్టి చెయ్యి మెల్లగా ఊపు, చెంబు చేతితోపాటే వస్తుంది. గబగబా ఊపితే చేతికి ఎదురు పోతుంది. పరమాణువులోని ఎలక్ట్రాన్ కూడా అంతే: 1064 ఊపు 780 కన్నా మెల్లన, 532 ఊపు గబగబా.

మదనపల్లె_అక్క:
ట్రాప్‌లో నానోమీటర్లు అటూ ఇటూ అయినా నడుస్తుంది. 780తో చల్లబరిచేటప్పుడు ఆ వెసులుబాటు లేదు. రెసొనెన్స్‌కు సుమారు 15 మెగాహెర్ట్జ్ కింద ఉండాలి, అంటే 0.00003 నానోమీటర్ తేడా. మే నెలలో ఓ మధ్యాహ్నం మా ఏసీ ఆగిపోయింది. స్క్రీన్ మీద మినపగింజంత చుక్కలా కనబడే పరమాణువుల మేఘం పలచబడుతూ మాయమైంది. వాక్యూమ్, కాయిల్స్ అన్నీ వెతికాం, సాయంత్రం దాకా టెన్షన్. చివరికి చూస్తే లేజర్ డయోడ్ వేడెక్కి లాక్ తప్పింది, అంటే కాంతి సరైన ఫ్రీక్వెన్సీ మీద నిలవలేదు.

చిత్తూరు_ఎమ్మెస్సీ:
చెంబుతో ఇప్పుడే చేసి చూశాను అన్నా, నిజంగానే ఎదురు తిరిగింది! మరి పరమాణు గడియారాల్లో స్ట్రాన్షియాన్ని పట్టి ఉంచడానికి 813 అంటారే, అది ఎందుకక్కా?

మదనపల్లె_అక్క:
ట్రాప్ కాంతి శక్తి స్థాయిలను జరుపుతుంది. గడియారానికి కావలసింది రెండు స్థాయిల మధ్య తేడా. 813.4 దగ్గర రెండూ సమంగా జరుగుతాయి, తేడా చెక్కుచెదరదు. జపాన్ శాస్త్రవేత్త కటోరి ఆలోచన ఇది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చినదీ ఇదే.

అలిపిరి_లేజర్:
శనివారం ల్యాబ్‌కి రా తమ్ముడూ, చూపిస్తాను. 1064 కంటికి కనబడదు, గాగుల్స్ పెట్టుకున్నాకే లోపలికి.