హిట్ (మధ్యమధ్య ఆగుతూ గట్టిగా చేసే వ్యాయామం) మొదలుపెట్టిన 6 వారాలకు సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, చూపే రక్తపరీక్ష) పెరిగింది. 15 ఏళ్ల అబ్బాయి రిపోర్టు ఎలా చదవాలి?

ఈల_కోచ్:
పదో తరగతి అబ్బాయి, 15 ఏళ్లు. ఎత్తు 166 సెం.మీ., బరువు 74 కిలోలు, మెడ వెనక నల్లటి చారలు. వారానికి 3 రోజులు హిట్ చేయిస్తున్నాం: బర్పీలు (నేలకి చేతులు ఆనించి, లేచి ఎగరడం), జంప్ స్క్వాట్లు, మౌంటెన్ క్లైంబర్లు, 40 సెకన్లు చేసి 20 సెకన్లు ఆగడం, మొత్తం 15 నిమిషాలు.

మొదలుపెట్టే ముందు ఫాస్టింగ్ షుగర్ 96, ఫాస్టింగ్ ఇన్సులిన్ 21, హెచ్‌ఎస్-సీఆర్‌పీ (సీఆర్‌పీనే సూక్ష్మంగా కొలిచేది) 2.1, లివర్ పరీక్ష ఎస్‌జీపీటీ 31. ఇప్పుడు వరుసగా 93, 17, 4.8, 58. బరువు కదల్లేదు, నడుము 94 నుంచి 92 సెం.మీ.కి వచ్చింది. రక్తం ఇచ్చింది శనివారం పొద్దున. శుక్రవారం సాయంత్రం సెషన్‌లో జంప్ స్క్వాట్లు ఒక్కసారిగా 100కి పెంచాం. జ్వరం, జలుబు లేవు. "ఎక్సర్‌సైజ్ వల్ల లివర్ దెబ్బతింది, మానిపించండి" అంటున్నారు ఇంట్లోవాళ్లు. మానిపించాలా?

ల్యాబ్_బల్ల:
మానిపించక్కర్లేదు. రక్తం ఏ రోజు తీశారో మీరే చెప్పారు, సగం జవాబు అక్కడే ఉంది.

జంప్ స్క్వాట్‌లో పైకి ఎగరడం కంటే కిందికి దిగడమే కండరానికి కష్టం. తొడ కండరం సాగుతూనే ఒంటి బరువంతా ఆపాలి. పోగులు చిట్లేది అప్పుడే. బళ్లో గుంజీలు తీయిస్తే మర్నాడు పిల్లలు మెట్లు దిగలేక గోడ పట్టుకుంటారు చూడండి, అదీ ఇదే. చిట్లిన చోటికి తెల్లకణాలు చేరతాయి, ఆ కబురుతో లివర్ సీఆర్‌పీ తయారుచేస్తుంది. ఒకటి రెండు రోజులు అది పైనే ఉంటుంది. ఇక ఎస్‌జీపీటీ లివర్ సొత్తు మాత్రమే కాదు, కండరంలోనూ ఉంటుంది. కండరం దెబ్బతింటే అదీ రక్తంలోకి కారుతుంది.

వారం పది రోజులు నడక తప్ప ఏదీ చేయించకుండా మళ్లీ రక్తం ఇప్పించండి. హెచ్‌ఎస్-సీఆర్‌పీ, ఎస్‌జీపీటీ, దాని జోడు ఎస్‌జీఓటీలతో పాటు కండరం ఎంజైమ్ సీకే, లివర్ ఎంజైమ్ జీజీటీ కూడా రాయించండి. కండరం దెబ్బతింటే సీకే పెరుగుతుంది, జీజీటీ పెరగదు. జీజీటీ కూడా పైనే ఉంటే అప్పుడు లివర్ సంగతి చూడాలి. సీఆర్‌పీ లీటరుకు 10 మి.గ్రా. దాటి వస్తే ఎక్కడో ఇన్‌ఫెక్షన్ ఉందనుకుని, తగ్గాక మళ్లీ చేయించాలి. యూనిట్ కూడా చూసుకోండి. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు. తేడా పది రెట్లు.

ఒక్క మాట మాత్రం వదలకండి. మొదటి ఎస్‌జీపీటీ 31ని ల్యాబ్ "నార్మల్" అని అచ్చువేసి ఉంటుంది. మగపిల్లల్లో ఫ్యాటీ లివర్ వెతికేటప్పుడు 26 దాటితే చాలు, గమనిస్తారు, ఆడపిల్లల్లో 22. మెడ నలుపు (ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదనే గుర్తు), ఆ నడుము కూడా కలిపి చూస్తే ఆ 31 ఎక్సర్‌సైజ్ తెచ్చింది కాదు, ముందే ఉన్నది. 3 నెలల తర్వాత కూడా 50 పైన ఉంటే పిల్లల డాక్టర్‌కి చూపించాల్సిందే.

షుగర్_లెక్క:
ఇన్సులిన్ 21 నుంచి 17కి రావడం మంచిదే. షుగర్‌ని ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగిస్తే హోమా-ఐఆర్ (ఇన్సులిన్‌కి ఒళ్లు ఎంత మొండికేస్తోందో చూపే అంకె) వస్తుంది: ముందు 4.98, ఇప్పుడు 3.90. కానీ అప్పుడే పండగ చేసుకోకండి. ముందురోజు సాయంత్రం సెషన్ జరిగింది కదా. గట్టిగా పనిచేసిన కండరంలో గ్లైకోజెన్ (దాచుకున్న గ్లూకోజ్ నిల్వ) ఖాళీ అవుతుంది, గ్లూకోజ్‌ని లోపలికి లాగే గ్లూట్-4 వాకిళ్లు కణం అంచుకి వస్తాయి. ఈ సుఖం ఒకటి రెండు రోజులే. కాబట్టి ఆ తగ్గుదలలో శుక్రవారం సెషన్ వాటా ఎంతో, 6 వారాల వాటా ఎంతో ఈ రిపోర్టు చెప్పలేదు. వారానికి 3 రోజులు, మధ్యలో రెండు రోజులకు మించి ఖాళీ లేకుండా చేయించమనేది ఇందుకే. ఆదివారం ఒక్కరోజే గంటన్నర చేస్తే ఆ ఫలితం బుధవారానికల్లా హరించుకుపోతుంది.

పెద్దల హోమా హద్దులు ఈ వయసుకి పెట్టకండి. యుక్తవయసు మధ్యలో ఎదుగుదల హార్మోన్ వల్ల ఇన్సులిన్ పనితనం మామూలుగానే తగ్గి, ఎదుగుదల పూర్తయ్యేసరికి సర్దుకుంటుంది.

ఇన్‌ఫ్లమేషన్ విషయానికొస్తే, ఐఎల్-6 (కణాల మధ్య కబుర్లు మోసే ప్రోటీన్) అనే పేరు చూసి చాలామంది బెదిరిపోతారు. పొట్ట కొవ్వులోంచి, వాపు రేపే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌తో జతగా రోజంతా కొంచెం కొంచెంగా ఊరే ఐఎల్-6 వేరు. కండరం పనిచేస్తున్నప్పుడు ఒక్కసారిగా విడుదలయ్యేది వేరు. రెండోది టీఎన్‌ఎఫ్‌ని అణచి, ఐఎల్-10 లాంటి చల్లార్చేవాటిని వెంటబెట్టుకొచ్చి, గంటల్లో దిగిపోతుంది. విశ్రాంతిలో కొలిచే సీఆర్‌పీ తగ్గాలంటే మాత్రం చాలావరకు కొవ్వు కరగాలి. సన్నగా ఉన్న పిల్లల్లో సీఆర్‌పీ ముందే 1 లోపు ఉంటుంది, ఇంకా ఏం తగ్గుతుంది? 6 వారాల్లో ముందు కదిలేది ఫిట్‌నెస్, ఆ తర్వాత నడుము. సీఆర్‌పీ వంతు చివర్న.

20మీటర్ల_గీత:
కోచ్ గారూ, తప్పు హిట్‌ది కాదండీ, మీరు ఎంచుకున్న కదలికలది. 74 కిలోల పిల్లాడు 40 సెకన్ల బర్పీలు వేస్తే గుండె కంటే ముందు నడుము, మణికట్టు చేతులెత్తేస్తాయి. సైకిల్ తొక్కడంలో కిందికి దిగేటప్పటి దెబ్బ దాదాపు ఉండదు, అది ఉంటే మొదటి ఎంపిక అదే. లేకపోతే ఏటవాలుగా ఉన్న మట్టి రోడ్డు మీద పైకి పరుగు, కిందికి నడక.

గ్రౌండ్ అయితే 20 మీటర్ల దూరంలో రెండు గీతలు గీయండి. 8–10 నిమిషాలు వార్మప్. తర్వాత 30 సెకన్లు వేగంగా అటూ ఇటూ పరుగు, 30 సెకన్లు నడక. మొదటి రెండు వారాలు 6 సార్లు, తర్వాత 8, నెల దాటాక 10. మొదటిసారి 6 గీతలు దాటి చివరిసారి 4కి పడిపోయాడంటే మొదట్లోనే ఓపికంతా ఖర్చుపెట్టేశాడని లెక్క. ఒక గీత కంటే ఎక్కువ తేడా రాకూడదు. ఇది అలవాటయ్యాక నార్వే పద్ధతి 4×4కి పోవచ్చు: 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు నెమ్మదిగా, అలా 4 సార్లు. ట్రాండ్‌హైమ్‌లో అధిక బరువు పిల్లల మీద వారానికి రెండుసార్లు చొప్పున 3 నెలలు చేయించి చూసింది ఇదే.

వాచీ అక్కర్లేదు. 208లోంచి వయసులో 0.7 వంతు తీసేస్తే 15 ఏళ్లకి గరిష్ఠ గుండెవేగం సుమారు 197. అందులో 85–95 శాతం కావాలి. ఆగిన వెంటనే మెడ దగ్గర వేలు పెట్టి 10 సెకన్లు లెక్కపెడితే 28–31 రావాలి. పిల్లల నాడి చాలా త్వరగా దిగిపోతుంది, పావు నిమిషం ఆలస్యమైనా లెక్క తప్పుతుంది. వార్మప్‌లోనే 28 దాటుతుంటే ముందు హిమోగ్లోబిన్ చూడండి. ఆడపిల్లల్లో అయితే మరీను: 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతానికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 లెక్క.

ఈల_కోచ్:
థాంక్సండీ. ఇంకో రెండు. నొప్పులకని ఐబూప్రొఫెన్, ఇన్‌ఫ్లమేషన్‌కని విటమిన్ సి 1000 మి.గ్రా. ఇంట్లో మొదలుపెట్టారు. కొనసాగించాలా?

ల్యాబ్_బల్ల:
రెండూ వద్దు. ఒళ్లు తడారిన స్థితిలో ఐబూప్రొఫెన్ కిడ్నీకి మంచిది కాదు. విటమిన్ సంగతి ఇంకా చిత్రం. 2009లో జర్మనీ పరిశోధకులు యువకులకి 4 వారాలు వ్యాయామంతో పాటు రోజూ విటమిన్ సి 1000 మి.గ్రా., విటమిన్ ఈ 400 యూనిట్లు ఇస్తే, వ్యాయామం వల్ల రావాల్సిన ఇన్సులిన్ మెరుగుదలే రాలేదు. ఆ కాసేపటి ఒత్తిడే కండరానికి అందే కబురు, దాన్ని మాత్రతో నొక్కేస్తే ఎలా? జామకాయ తినమనండి.

20మీటర్ల_గీత:
సెషన్ తర్వాత కూల్‌డ్రింక్ కూడా ఆపించండి. 250 మి.లీ.లో పాతిక గ్రాములకు పైగా చక్కెర, కరిగించిన దాంట్లో సగం తిరిగొచ్చినట్టే. మజ్జిగ, ఉడికించిన గుడ్డు చాలు.

జ్వరం ఉన్నన్నాళ్లూ, డెంగీ తర్వాత డాక్టర్ సరేననేదాకా హిట్ వద్దు. పరుగులో కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో 50 ఏళ్లలోపే హఠాత్తుగా గుండె ఆగి చనిపోయినవాళ్లున్నా ముందు ఈసీజీ, ఎకో (గుండె స్కాన్). శుక్రవారం చేసిన ఆ 100 జంప్ స్క్వాట్ల తర్వాత మూత్రం కోలా రంగులో వచ్చిందేమో అబ్బాయిని ఇవాళే అడగండి. వచ్చిందంటే కండరం బాగా చిట్లిందని అనుమానం; వారం ఆగకండి, ఈ రాత్రికే ఆసుపత్రిలో సీకే, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయించాలి.

ఈల_కోచ్:
అడిగానండీ, రంగు మామూలుగానే ఉందట. సోమవారం నుంచి నడక, పై సోమవారం రక్తం. రిపోర్టు ఇక్కడే పెడతాను.